సంకర కణముల చరిత్ర



మన దేహమున కన్నొకటి, కాలేయమొకటి, కండ యొకటి, చర్మమొకటి. వీనిలో దేనినుండి పిసరంత తీసి సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూచినను కణములే కనబడును. కాని యే కణము పని దానిదే. కండకణము ముడుచుకొనుచు సాగుచుండును. కాలేయకణము పిత్తమును స్రవించును. రక్తమునకు వలసిన ఆల్బుమిన్ అను మాంసకృత్తును తయారుచేయును. వెండ్రుక మొదట నుండు కణము నల్లని రంగును చేయును. ఇట్టి జాతులు మన శరీరములో సుమారు 200 కలవని చెప్పుదురు. ఇవన్నియు తల్లి గర్భమున మొదట నుండిన యొక్క కణమునుండి పుట్టినవే. ఒక్క తల్లి బిడ్డల కింత భేదమెట్లు వచ్చినది? ఈ ప్రశ్న వెంట నూరేండ్లకు పైగా నడచిన విద్వాంసుల చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని. అందు ముఖ్యపాత్ర వహించినవి సంకర కణములు. అనగా, వేర్వేరు జాతుల కణములు రెంటిని ఒక్క పొరలోనికి చేర్చి చేసిన కణములు.

ముందుగా రెండు మూడు మాటలకు అర్థము చెప్పి కథలోనికి పోయెదను. కణము మధ్య కేంద్రకమను గుండ్రని భాగముండును. దానిచుట్టు నిండియుండునది కణద్రవ్యము. కేంద్రకములో క్రోమోజోములను పోగులును, ఆ పోగులలో జన్యువులును ఉండును. ఒక్కొక్క జన్యువు సామాన్యముగా ఒక్కొక్క మాంసకృత్తును చేయు విధమును తెలుపు శాసనము వంటిది. శాసనము రాతిపై చెక్కియున్నంత మాత్రమున పని జరుగదు. దానిని చదివి అమలు జరుపువారుండవలయును. చదువబడుచున్న జన్యువు మేల్కొనియున్నదనియు, చదువబడనిది నిద్రించుచున్నదనియు ఈ ప్రసంగములో వాడెదను.

దర్శనములు చదివినవారికి సత్కార్యవాదము తెలియును. నూనె నువ్వులలో ముందే యున్నది గనుకనే గానుగ నుండి వచ్చుచున్నది, ఇసుకను గానుగ కెత్తిన రాదు, అని సాంఖ్యులందురు. కుండ మట్టిలో ముందు లేదు, కుమ్మరి చేసినపిదపనే కలిగినది, అని నైయాయికులందురు. ఈ కణముల సంగతి మనవారికి పూర్వమే తెలియునని నేననను. అట్లనువారి మాట నాకు రుచింపదు. కాని ప్రశ్న స్వరూపము మాత్రమదియే. కాలేయకణములో కండను చేయు శాసన మిప్పటికిని ఉన్నదా? లేక, అది కాలేయమైననాడే ఆ శాసనము చెరిగిపోయినదా?

జర్మనీ దేశమున ఆగస్టు వైస్‌మాన్ అను పండితుడు 1892 సంవత్సరమున పుస్తకము వ్రాసి, తండ్రి యాస్తిని కుమారులు పంచుకొన్నట్లు, కణము చీలునపుడెల్ల జన్యుసంపద పంపకమగుచు వచ్చుననియు, కడకు కండకు కండభాగమును, చర్మమునకు చర్మభాగమును మాత్రమే మిగులుననియు వాదించెను. సంతానబీజమును మోయు కణములు మాత్రమే మొత్తమును దాచుకొనునట. వాదము చూచుటకు ముచ్చటగానే యున్నది. కాని 1891లోనే ట్రియెస్టు నగరమున హాన్సు డ్రీష్ అనునాతడు సముద్రపు ముళ్ల జీవియొకదాని పిండమును, అది రెండు కణములుగా నున్నపుడే, గాజుగొట్టములో కుదిపి విడదీసెను. సగము సగము జీవులు పుట్టునని యెదురుచూచినచోట, చిన్నవియే యైనను, నిండు జీవులు రెండు పుట్టినవి. ఆస్తి పంపకము జరుగలేదు. దస్తావేజు మొత్తమునకు చెరియొక నకలు దొరకినది. ఇది పసి పిండము సంగతి. ఎదిగి, ఒక వృత్తిలో స్థిరపడిన కణము మాటేమి?

శంకరులు అమరుక మహారాజు దేహమున ప్రవేశించిన కథ మీరెరుగుదురు. అట్టి పరకాయప్రవేశమును కప్పగ్రుడ్డుపై చేసిచూచిరి. గ్రుడ్డుయొక్క కేంద్రకమును తొలగించి, దాని స్థానమున వేరొక కణము కేంద్రకమును ప్రవేశపెట్టుటయే ఆ ప్రయోగము. 1952లో అమెరికాలో బ్రిగ్సు, కింగు అనువారు పసి పిండకేంద్రకములతో దీనిని సాధించిరి. వయసు మీరిన కణముల కేంద్రకములతో నది పొసగలేదు. అంతట శాసనము చెరిగిపోవుననువారి పక్షము బలపడెను. అటుపిమ్మట ఆక్స్‌ఫర్డులో జాన్ గర్డన్ అను యువకుడు తోకకప్పపిల్ల ప్రేగునుండి కేంద్రకమును తీసి అదే పని చేసి, 1962లో ఫలితమును ప్రకటించెను. నూటికి ఒకటి రెండు గ్రుడ్లు మాత్రమే చక్కని కప్పపిల్లలైనవి. అవియే చాలును. ప్రేగుకణములో కన్ను, గుండె, కాలు చేయు శాసనములన్నియు చెక్కుచెదరక యున్నవని తేలెను. ఈ గర్డను పదునైదేండ్ల బాలుడై యుండగా, జీవశాస్త్రమున తరగతులన్నిటిలోని 250 మంది బాలురలో కడపటివాడుగా నిలిచెనట. శాస్త్రజ్ఞుడు కావలెనను వీని యాశ హాస్యాస్పదమని యుపాధ్యాయుడు ప్రగతిపత్రమున వ్రాసెనట. ఆ కాగితమునకు చట్టము కట్టించి గర్డను తన గదిలో నుంచుకొనెను. మా వృత్తివారి వ్రాతలలో నింతకాలము భద్రముగా నిలిచిన దింకొకటి లేదు.

అయినను ఆక్షేపణ యొకటి మిగిలినది. గ్రుడ్డు సామాన్యకణము కాదు. అది సృష్టికై యేర్పడినది. దానిలోనికి పోయిన కేంద్రకము మొదటినుండి క్రొత్త జన్మ యెత్తుచున్నది. ఎదిగిన కణము ఎదిగిన కణముతో కలిసినచో నేమగును? కండ చర్మముతో కాపురముండినచో నెవరి మాట చెల్లును? దీనిని పరీక్షించుటకు కణములను కలుపు ఉపాయము కావలయును. కణములు తమంత తాము కలియుట మిక్కిలి యరుదు. పారిస్ సమీపమున జార్జి బార్స్కీయు, ఆయన సహచరులును రెండు జాతుల ఎలుక కణములను ఒక్క గాజుపాత్రలో పెంచుచు, రెంటి క్రోమోజోములును కలిగిన మూడవ జాతి కణములు దానిలో తలయెత్తుటను 1960లో కనుగొనిరి. అంతకు ముందే జపానులో ఒసాకా విశ్వవిద్యాలయమున యోషియో ఒకాడా యొక వింతను చూచియుండెను. సెండాయి నగరము పేరు పెట్టిన వైరసు నొకదానిని ఎలుక కణములలో వేయగా, ఆ కణములు ఒండొంటి నంటుకొని, పొరలు కరగి, అనేక కేంద్రకములుగల యొక్క పెద్ద కణముగా మారుచుండెను. ఇది 1957 నాటి మాట. వైరసును అతినీలలోహిత కిరణములతో చంపి వేసినను అంటించు గుణము పోలేదు. వ్యాధిని తీసివేసి జిగురును మాత్రము మిగుల్చుకొన్నట్లైనది.

ఆ జిగురు విలువ బాగుగా గ్రహించినవాడు ఆక్స్‌ఫర్డులోని హెన్రీ హారిస్. ఈయన, జాన్ వాట్కిన్స్ కలిసి 1965లో మానవకణమును ఎలుకకణముతో కలిపిరి. ఒక్క పొర, ఒక్క కణద్రవ్యము, అందు మనుష్యుని కేంద్రకమొకటి, ఎలుక కేంద్రకమొకటి. ఇట్లు భిన్నజాతి కేంద్రకములు విడివిడిగా నొక్క కణమున నుండుటను హెటిరోకేరియాను అందురు. మనవారు అర్ధనారీశ్వరుని చూచినవారు గనుక నీ రూపము మనకు కొత్త కాదు గాని, ఇంగ్లండు పత్రికలలో నది గొప్ప సంచలనము కలిగించెను. మనిషికి ఎలుక తోక మొలచునేమోయని భయపడినవారికి చెప్పవలసినది: అవి పాత్రలోని కణములే కాని ప్రాణులు కావు.

ఆ మానవకణమెవ్వరిది? ఇది చెప్పక దాటరాదు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ గర్భాశయముఖ పుట్టకురుపుతో 1951లో మరణించెను. ఆమె పుండునుండి తీసిన కణములు ఆమె యనుమతి లేకయే ప్రయోగశాలకు పోయి, నేటికిని చావక పెరుగుచున్నవి. లోకమందలి ప్రయోగశాలలలో హేలా కణములని పేరొందినవి యవియే. ఐదుగురు బిడ్డల తల్లి. ఆ సంగతి కుటుంబమువారికి 20 ఏండ్ల తరువాత గాని తెలియలేదు. విద్య గొప్పదే, అడిగి తీసికొనినచో దాని గొప్పతనమునకు లోటు వచ్చియుండదు.

హారిసు చేసిన మరియొక ప్రయోగము నాకు మిక్కిలి యిష్టమైనది. మన రక్తములోని యెఱ్ఱకణములకు కేంద్రకము లేదు. పక్షుల యెఱ్ఱకణములకు గలదు. కాని యది ముడుచుకొని గడ్డకట్టినట్లుండి, ఏ శాసనమును చదివించుకొనదు. కోడి బ్రదికియున్నంతకాలము ఆ కేంద్రకము నిద్రించుచునే యుండును. ఇట్టి కోడి రక్తకేంద్రకమును హారిసు హేలా కణములోనికి ప్రవేశపెట్టెను. కోడికణముయొక్క కణద్రవ్యము పొర పగిలినపుడే కారిపోవును గనుక, కేంద్రకము దాదాపు ఒంటరిగా పరాయి యింట కాలుపెట్టినట్లాయెను. కొన్ని గంటలలో నది ఉబ్బసాగినది. గడ్డకట్టిన పోగులు సడలినవి. జన్యువుల నుండి నకలు వ్రాసికొను ఆర్.ఎన్.ఏ. పుట్టసాగినది. కొన్ని దినములకు, మానవకణముపై కోడికి మాత్రమే చెందిన మాంసకృత్తులు కనబడినవి. నిద్ర వేరు, మరణము వేరు. మేల్కొలిపినది కేంద్రకములోని వస్తువు కాదు. చుట్టునున్న పరాయి కణద్రవ్యము. మనిషి కణము పిలుపు కోడి కేంద్రకమున కర్థమైనదనుట మరియు విశేషము. జాతులు విడిపోయి కోట్ల యేండ్లైనను ఆ పిలుపు భాష మారలేదు.

ఇంతవరకు కథ సుఖముగా నడచినది. ఇప్పుడు చిక్కు వచ్చినది.

బోరిస్ ఎఫ్రుస్సీ మాస్కోలో పుట్టి, విప్లవానంతరము ఫ్రాన్సు చేరిన విద్వాంసుడు. ఈయన కేంద్రకములు విడివిడిగా నుండు కణములను కాక, రెండు కేంద్రకములు నొక్కటియై వంశపారంపర్యముగా చీలుచు పెరుగు నిజమైన సంకర కణములను పెంచెను. ఆయన శిష్యుడు రిచర్డ్ డేవిడ్సన్, జపాను దేశీయుడైన యమమోటో అను సహచరునితో కలిసి, నల్లరంగు చేయు హ్యామ్‌స్టరు కణమును రంగు చేయని ఎలుకకణముతో 1966లో సంకరము చేసిరి. హ్యామ్‌స్టరు మన పందికొక్కునకు దూరపు బంధువు. పుట్టిన సంకర కణములు నల్లగా నుండునా, తెల్లగా నుండునా? రంగు జన్యువులు హ్యామ్‌స్టరు క్రోమోజోములపై మేల్కొనియే యున్నవి, వానినెవ్వరును తీసివేయలేదు. కావున నల్లగానే యుండవలయునని మీరును నేనును తలంతుము. అన్నియు తెల్లవే! ఒక్కటియు రంగు చేయలేదు. ఎలుకకణములోనిదేదియో హ్యామ్‌స్టరు రంగు జన్యువుల నార్పివేసినది. ఎఫ్రుస్సీ సంప్రదాయమువారు దీనికి ఆర్పుట యనియే పేరు పెట్టిరి. కాలేయకణములను చర్మాంతర కణములతో కలిపినను అట్లే జరిగినది. కాలేయపు ప్రత్యేక విద్యలు మాసిపోయినవి.

ఒకచోట నిద్రించినది లేచుచున్నది, ఒకచోట మేల్కొనినది నిద్రించుచున్నది. ఏది నిజము? పండితసభలో ఇట్టి విరోధము వచ్చినపుడు ఒక పక్షము తప్పని త్రోసివేయుట సులభము. రెండు వాక్యములకు నధికారభేదము వెదకుట కష్టము. మేరీ వీస్ అను విదుషియు, ఎఫ్రుస్సీ శిష్యులును ఆ కష్టమైన మార్గమునే పట్టిరి.

మొదట తేలినది: ఆర్పబడిన జన్యువు చెరిగిపోలేదు. సంకర కణములు తరతరములుగా చీలునపుడు కొన్ని క్రోమోజోములను జారవిడుచుచుండును. ఎలుక క్రోమోజోములు జారిపోగా జారిపోగా, కొన్ని సంకరములలో పోయిన కాలేయవిద్య మరల వచ్చినదని వీస్ 1971లో చూపెను. అడ్డము తొలగినది, నీరు పారినది. రెండవది మరింత ముఖ్యము. 1972లో రంగు కణమును ఇబ్బడి క్రోమోజోములుగల దానినిగా తీసికొని సంకరము చేసిచూచిరి. ఈసారి కొన్ని సంకరములు నల్లగా పుట్టినవి! అదే యేట వీస్, పీటర్సన్ అనువారు ఇట్లే ఇబ్బడి క్రోమోజోములుగల చిట్టెలుక కాని పెద్దయెలుక కాలేయకణమును చిట్టెలుక చర్మాంతర కణముతో కలుపగా, పెద్దయెలుక ఆల్బుమినుతో పాటు చిట్టెలుక ఆల్బుమిన్ కూడ తయారైనది. ఆ చర్మాంతర కణము తన జన్మలో నెన్నడును ఆల్బుమినును చేసి యెరుగదు. ఆర్పుటయో, మేల్కొల్పుటయో అనునది యెవరు ఎంతమంది యున్నారను లెక్కపై నాధారపడియున్నది. పంచాయితీలో ఏ పక్షమువారెక్కువ కూర్చున్నారో ఆ పక్షము మాట చెల్లినట్లు.

అయినను ఈ సంకరములలో నొక లోపమున్నది. కేంద్రకములు కలిసిపోయి క్రోమోజోములు జారిపోవుచుండుటచేత, ఫలితము కలియుటవలన వచ్చినదో, జారిపోవుటవలన వచ్చినదో రూఢిగా చెప్పుట కష్టము. ఈ లోపమును పరిహరించినది అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందలి హెలెన్ బ్లౌ. ఆమె కండకణము నేల యెన్నుకొనినదో గమనింపుడు. కండపోగు స్వభావముచేతనే అనేక కణములు కలియగా నేర్పడునది. ఒక్క పొరలో పెక్కు కేంద్రకములుండుట దానికి సహజము. అందు ఎలుక కండకణములలో, గర్భస్థ శిశువు చుట్టునుండు ఉమ్మనీటినుండి తీసిన మానవకణములను కలిపినది. జిగురు వైరసు కాదు; పాలియెథిలీన్ గ్లైకాల్ అను రసాయనము. చీలనీయక మందు వేయుటచేత కేంద్రకములు విడివిడిగా నిలిచినవి; ఒక్క క్రోమోజోమైనను జారిపోలేదు. రంగు వేసి చూచినపుడు ఎలుక కేంద్రకములు చుక్కలు చుక్కలుగాను, మానవకేంద్రకములు నున్నగాను కనబడుటచే నేది యెవరిదో లెక్కింపవచ్చును.

కొద్ది దినములలో మానవ కండ మాంసకృత్తులు కనబడినవి. ఎలుకవి కావు, మానవునివే. రెంటికిని గల స్వల్పభేదములను పరీక్షించి నిర్ధారణ చేసిరి. ఇది 1983 నాటి ప్రకటన. ఉమ్మనీటి కణమునకు కండతో సంబంధమేమియు లేదు. అయినను ఎలుక కండ కణద్రవ్యములోని దూతలు మానవకేంద్రకములోనికి పోయి, శతాబ్దముల దుమ్ముపట్టిన తాళపత్రములను విప్పినట్లు, కండ శాసనములను చదివించినవి. క్రోమోజోముల నకళ్లు తిరిగి వ్రాసికొననక్కరలేకయే ఇది జరిగినదని మరుసటి యేట చూపిరి. 1985లో చర్మపు పైపొర కణము, చర్మాంతర కణము, కాలేయకణము అన్నిటితోను చేసిచూచిరి. పిండదశలో మొదట నేర్పడు మూడు పొరలలో దేనినుండి వచ్చిన కణమైనను కండ పిలుపునకు బదులు పలికినది. కొన్ని త్వరగా, కొన్ని ఆలస్యముగా. 1986లో లెక్క సంగతి మరల రుజువైనది. కండ కేంద్రకములు తగినన్ని లేక పరాయి కేంద్రకములు మించినచో, మేల్కొలుపు జరుగలేదు.

ఇక హారిసునకు, ఎఫ్రుస్సీకి వైరము లేదు. కణము ఒకనాడు కండగా నిర్ణయింపబడి ఆపైన రాయియై పోవుట లేదు. ప్రతిక్షణమును దానిలోని నియామకులు, అనగా జన్యువులను మేల్కొల్పువియు నార్పునవియు, తమలో తాము తూగుచు దానిని కండగా నిలుపుచున్నవి. కాలేయము కాలేయముగా నుండుట యనునది జరిగిపోయిన పని కాదు, జరుగుచున్న పని. వ్యాకరణములో చెప్పవలెనన్న, భూతార్థకము కాదు, వర్తమానార్థకము.

ఆ నియామకులెవరో పట్టుకొనుట మిగిలినది. 1987లో సియాటిల్ నగరమున హెరాల్డ్ వైన్‌ట్రాబ్ బృందమువారు మయోడి అను జన్యువు నొక్కదానిని చర్మాంతర కణములో చొప్పించి దానిని కండగా మార్చిరి. సంకరము వలన తెలిసిన దూతలలో నొకదానికి పేరు దొరకినది. ఆర్పువానిలో నొకటియు దొరకినది: కాలేయపు కొన్ని జన్యువుల నార్పునది మానవుని 17వ క్రోమోజోముపై నున్నదని ముందు గుర్తించి, అది కణములోనికి హార్మోను ఆజ్ఞలను చేరవేయు నొక కైనేసునకు కళ్లెము వంటి భాగమని 1991లో తెలిసికొనిరి. వీని వివరములు పాఠశాలకు తగును గాని ప్రసంగమునకు తగవు.

ఈ విద్యవలన మన ఊరికేమి వచ్చినదని యడుగువారుందురు. చెప్పెదను. 1975లో కేంబ్రిడ్జిలో జార్జి కోలర్, సీజర్ మిల్‌స్టైన్ అనువారు, రోగవస్తువులను గుర్తుపట్టు ప్రతిరక్షకములను చేయు ఎలుక ప్లీహకణమును, చావెరుగని పుట్టకురుపు కణముతో కలిపిరి. ఆ పుట్టకురుపు కూడ ప్రతిరక్షకములు చేయు జాతిలో పుట్టినదే. సగోత్రీకులు గనుక ఒకరి విద్య నొకరార్పలేదు; చర్మాంతర కణముతో కలిపియున్నచో ఆ విద్య యారిపోయెడిది. ఆ సంకరము చావక పెరుగుచు ఒక్క తీరు ప్రతిరక్షకమునే చేయుచుండును. 1984లో వారికి నోబెల్ బహుమాన మిచ్చిరి. నేడు మన గ్రామములలో ఆశా కార్యకర్త చేతిలోనుండు చిన్న పట్టీలు, ఒక చుక్క రక్తముతో మలేరియాను తెలుపునవియు, కోడలు గర్భవతి యైనదో కాలేదో రెండు గీతలతో తెలుపునవియు, అట్టి సంకర కణముల సంతతి చేసిన ప్రతిరక్షకములతోనే పని చేయుచున్నవి.

2006లో జపానులోని క్యోటో నగరమున షిన్యా యమనాకా నాలుగు జన్యువులతో ఎలుక చర్మాంతర కణమును పిండకణము వంటి దానినిగా వెనుకకు మరల్చెను. 2012లో గర్డనుతో కలిసి నోబెల్ బహుమానము పొందెను. ఆ సంగతులు పత్రికలలో విరివిగా వచ్చినవి గనుక విడిచెదను. అంతగా వినబడని దొకటి చెప్పవలసియున్నది.

పుట్టుకతోనే కాలేయమున ఒక ఎంజైము లోపించి, టైరోసీను అను పదార్థము జీర్ణము కాక, విషముగా మారి కాలేయమును తినివేయు వ్యాధి యొకటి కలదు. పసిబిడ్డలకు వచ్చును. అదే లోపముగల ఎలుకలకు అమెరికాలో మంచి ఎముకమజ్జను ఎక్కించిరి. కొంతకాలమునకు వాని కాలేయము బాగుపడినదని 2000లో ప్రకటించిరి. మజ్జ యనునది రక్తమును చేయు చోటు. రక్తపు వంశములో పుట్టిన కణము కాలేయమెట్లైనది? అది దానంతట మారినదని కొందరు తలచిరి. 2003లో కేంద్రకములను, క్రోమోజోములను లెక్కించి చూడగా వేరొకటి తేలినది. మజ్జనుండి వచ్చిన రక్తవంశపు కణములు జబ్బుపడిన కాలేయకణములతో కలిసిపోయియున్నవి. వైరసు లేదు, రసాయనము లేదు. దేహములో తమంత తాము కలిసినవి. కాలేయపు కణద్రవ్యము, వచ్చిన కేంద్రకములో నిద్రించుచున్న కాలేయ జన్యువును మేల్కొల్పినది. లోపించిన ఎంజైము తయారైనది. మందు ఆపివేసినను ఆ యెలుకలు బ్రదికినవి.